పిర్రలో దిగిన బంగారు బాణం

ఎక్కడో చెప్పమంటే వేలు పెట్టి చూపించలేను గానీ, కొండలు దాటి పోతే నల్లవాగు అని ఒక సంస్థానం ఉండేదట. దాన్ని రణభైరవ భూపతి అనే రాజు ఏలేవాడు. ఏలడమంటే పొద్దున కాసేపే లెండి. మిగతా పొద్దంతా వేట మాటే.

వేటంటే ఆయనకి ప్రాణం. వేటకే ఎందుకో ఆయనంటే పడేది కాదు.

ఆయన అడవికి బయల్దేరితే చూడాలి. ఎర్ర మఖమలు అంగీ, దాని నిండా జరీ. తలపాగాకి నెమలీకల కుచ్చు. కాళ్ళకి కిర్రుకిర్రుమనే కొత్త చెప్పులు. ఇక అత్తరంటారా, గాలి ఎటు వీస్తే అటున్న ఊళ్ళన్నిటికీ ప్రభువులు వస్తున్నారని తెలిసిపోయేది. ఊళ్ళో మనుషులకే తెలిస్తే అడవిలో జంతువులకి తెలీదా? అవి మర్యాదగా ముందే లేచి వెళ్ళిపోయేవి.

విల్లు వాళ్ళ తాతగారిది. దంతం తాపడం చేసిన మహా విల్లు. తాతగారు గుమ్మం కొలతకి సరిపోని మనిషట, వంగితే గానీ లోపలికి రాలేకపోయేవాడట. ఈయన పీల మనిషి. ఆ వింటినారి సగం లాగేసరికే మెడ నరాలు పొంగేవి. సగం లాగిన విల్లు సగం బలమే ఇస్తుంది కదండీ, దానికి మొహమాటం ఏముంటుంది? పైగా బాణాలకి బంగారు ములుకులు. బంగారం పెళ్ళికూతురి మెడలో బావుంటుంది గానీ, అడవిదున్న తోలులో దిగమంటే పాపం అదెలా దిగుతుంది?

ఇన్ని హంగుల మధ్య బాణం దేనికీ తగిలేది కాదు. కానీ తప్పిందని ఎవ్వరూ అనేవాళ్ళు కాదు. దానికో ఆచారం ఉండేది.

వెనకటికి ఆ తాతగారు ఒకసారి విల్లు ఎక్కుపెట్టి, ఎదురుగా ఉన్నది చూలు జింక అని గమనించి, విల్లు దించేశాడట. "దీనికి నా అభయం. నా రాజ్యంలో దీన్నెవరైనా ముట్టుకుంటే కుడిచెయ్యి తీయిస్తా" అన్నాడట. మంచి మాట. మంచి మనసుతో అన్న మాట. కానీ మంచి మాటకీ చెద పడుతుంది. మనవడి కాలానికి అదేమైందంటే, బాణం గురి తప్పిన ప్రతిసారీ వేట దళవాయి పెద్దిరాజు చేతులు రెండూ పైకెత్తి "ప్రభువులు అభయమిచ్చారు!" అని అరిచేవాడు. వెంటనే డప్పులు మోగేవి. పారిపోయిన జంతువల్లా అభయం పొందిన జంతువైపోయేది.

ఇది చూసి లోపల్లోపల బాధపడేవాడు ఒక్కడే ఉన్నాడు, బాచన్న. కొలువులో పెద్ద పదవేం కాదు ఆయనది. రాజుకి విసుగు పుట్టినప్పుడు నాలుగు మాటలు చెప్పి నవ్వించాలి, అదే ఉద్యోగం. అందరూ రాజుని చూసి చాటుగా నవ్వుకుంటే, బాచన్నకి మాత్రం జాలేసేది. "పాపం, చిన్నప్పట్నుంచీ తప్పిందని ఒక్కడైనా చెప్పి ఉంటే, ఈపాటికి ఎప్పుడో నేర్చుకునేవాడు కదా" అనుకునేవాడు. కానీ చెప్పేదెవరు? బాచన్నకి మాత్రం ధైర్యం ఎక్కడుంది?

ఇలా ఉండగా ఆ యేడు దసరా వెళ్ళాక పెద్ద వేట పెట్టారు. ఒక అడవిదున్న, నల్లగా కొండరాయిలా ఉంది, అత్తరు వాసన పసిగట్టి వెనక్కి తిరిగి పరుగందుకుంది. రాజు బాణం వదిలాడు. బాణం ఇంకా గాల్లో ఉండగానే, అలవాటైపోయిన నోరు కదా, దళవాయి "ప్రభువులు అభయమిచ్చారు!" అని అరిచేశాడు.

ఖర్మ చూడండి. ఆ ఒక్కసారే బాణం తగిలింది.

ఎక్కడ తగిలిందంటారా? పిర్రలో. దున్న ఒక్క ఎగురు ఎగిరి, కుంటుకుంటూ పొదల్లోకి పోయింది.

"అదేమిటి, అలా ఎగిరింది?" అన్నాడు రాజు.

"అభయం దొరికిన సంతోషం ప్రభూ! గంతులేస్తోంది" అన్నాడు దళవాయి, చెమట తుడుచుకుంటూ.

డప్పులు మోగాయి. అందరూ భోజనాలకి వెళ్ళిపోయారు. దెబ్బ తిన్న జంతువు వెనక ఒక్కడూ వెళ్ళలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి, ఒక పొద్దున బాచన్న అరుగు మీద కూచుని ఉల్లిపాయ నంచుకుంటూ సద్దన్నం తింటుంటే, ఒకావిడ ఏడుస్తూ వచ్చి వాకిట్లో కూలబడింది. అడవి అంచు పల్లెలో జొన్నచేను చేసుకునే ఈరన్న పెళ్ళాం, సుంకమ్మ.

"సామీ, నా మొగుడి కుడిచెయ్యి తీసేస్తారంట. ఈ పూటే తీర్పు."

"ముందు మంచినీళ్ళు తాగమ్మా. ఏం చేశాడు?"

"దున్నని సంపినాడు సామీ. ఏం సేస్తాడు మరి? కుంటిది, కొండెక్కలేదు. మా సేలల్లోనే తిరుగుతా, జొన్నంతా తొక్కేసింది. అభయం గొడ్డని దాని మీద మేం రాయి కూడా ఎయ్యలా. నిన్న కంకులు కోస్తా ఉంటే నా మీదికి వచ్చేసింది. కొమ్ము ఇదో, ఇంత దూరంలో ఉండాది. నా మొగుడు ఈటె తీసుకోని పక్కనుంచి ఒక్క పోటు పొడిసినాడు. అక్కడే కూలింది. దళవాయి మనుషులు వచ్చి, గొడ్డు వైపు సూడను కూడా సూడకుండా, వాడి పెడరెక్కలు కట్టి తీసుకుపోయినారు." ముక్కు చీదుకుంది. "కుడిచెయ్యి లేకపోతే నాగలెట్టా పడతాడు? నన్ను కాపాడబోయి వాడు మొండోడు కావాలనా? నువ్వు రాజుగారిని నవ్విస్తావంట గదా సామీ. ఈ ఒక్కసారి నవ్వించు."

"నవ్వితే శిక్ష ఆగుతుందా సుంకమ్మా? నవ్వుతూనే చెయ్యి తీయించొచ్చు" అన్నాడు బాచన్న. ముద్ద కంచంలో వదిలేశాడు. "ఆ దున్న ఎందుకు కుంటేది?"

"పిర్రలో బాణం దిగబడి ఉండాది సామీ. పైకి బంగారం మెరుస్తా ఉండాది. సచ్చినాక పీకుదామంటే మా ఈరన్నే వద్దన్నాడు. రాజుగారి సొత్తు, దొంగతనం కింద లెక్క కడతారేమోనని."

బాచన్న చెయ్యి కడిగేసుకున్నాడు.

"మీ ఈరన్నకి దణ్ణం పెట్టాలమ్మా. పరుగెత్తు. ఊరు ఊరంతా కలిసి ఆ దున్నని బండెక్కించండి. పైన జొన్నచొప్ప కప్పండి, బాణం కనపడకూడదు. నేరుగా కొలువు వాకిట్లోకి తోలుకు రండి. ఎవరైనా అడిగితే, రాజుగారి పశువులకి మేత అని చెప్పండి."

"నువ్వేం మాట్లాడతావు సామీ?"

"ఇంకా తెలీదు" అన్నాడు బాచన్న. నిజంగానే తెలీదు ఆయనకి.

మధ్యాహ్నానికి కొలువు నిండింది. వాకిట్లో ఎత్తరుగు మీద రాజు కూచున్నాడు. ఎదురుగా ఈరన్న, చేతులు వెనక్కి కట్టి ఉన్నాయి. ఓ మూల చొప్ప బండి వచ్చి ఆగింది, ఎవరూ పట్టించుకోలేదు.

దళవాయి గొంతు సవరించుకున్నాడు. "ప్రభువులు అభయమిచ్చిన జంతువుని వీడు పొడిచి చంపాడు. శిక్ష తమకి తెలిసిందే."

రాజు మొహం ముడుచుకుంది. చెయ్యి తీయించడమంటే ఆయనకీ సరదా కాదు. కానీ తాత మాట. "ఏరా, చంపావా?"

"సంపినాను దొరా" అన్నాడు ఈరన్న నేల చూస్తూ.

బాచన్న లేచాడు. "ప్రభూ, ఈ శిక్ష చాలదు!"

జనంలో కూచున్న సుంకమ్మకి ప్రాణం పోయినంత పనైంది. "నీ నోట్లో మన్ను పడ! ఇందుకా నాతో అంత దూరం బండి తోలించింది?" అని పైకే అనేసింది.

బాచన్న విననట్టే ఉన్నాడు. "వీడొక్కడే కాదు ప్రభూ, ఇంకో నేరస్థుడు ఉన్నాడు. వీడికన్నా పెద్దవాడు. ముందు ఒక్క సంగతి తేల్చుకోనివ్వండి. దళవాయిగారూ, అభయమిచ్చిన రోజు ప్రభువులు ఆ దున్న మీద బాణం వేశారా?"

"బాణమా!" దళవాయి గుండె మీద చెయ్యేసుకున్నాడు. "ఎక్కుపెట్టారు, దయతలిచారు, దించేశారు. నా కళ్ళతో చూశాను."

"ఒట్టేనా?"

"ఒట్టే."

బాచన్న బండి దగ్గరికి నడిచి చొప్ప లాగేశాడు. నల్లటి దున్న, దాని పిర్రలో తళతళమంటూ బాణం. దళవాయి మొహం ఉన్నట్టుండి సున్నం కొట్టిన గోడలా అయిపోయింది.

"మరి ఈ బాణం ఎవడిది ప్రభూ? మీరు అభయమిచ్చిన జంతువుని, మీ అడవిలోనే, ఎవడో దొంగ కొట్టాడు!" బాచన్న వంగి బాణాన్ని పరకాయించి చూశాడు. "దొంగ అయితే అయ్యాడు, కాస్త పనితనం ఉన్న దొంగయినా కాదు. ఎంత చేతకానివాడో చూడండి. ములుకు బంగారంతో చేయించాడు! కొంచెం దిగగానే గాలంలా వంగిపోయి అక్కడే ఇరుక్కుంది. అందుకే ఇది రాలిపోలేదు, లోపలికీ పోలేదు. గొర్రెలు కాసుకునే వాడినడిగినా చెబుతాడు, ములుకంటే ఇనుముది ఉండాలి, గోటి మీద పెడితే జారకుండా పట్టేంత పదునుండాలని."

రాజు కొంచెం కదిలి కూచున్నాడు.

"దిగింది చూడండి, నాలుగు వేళ్ళ లోతు కూడా లేదు. అంటే విల్లు పూర్తిగా లాగలేదు. లాగలేని విల్లు పట్టుకున్నాడు. ఎవరిదో గొప్ప విల్లు అయ్యుంటుంది. విల్లు గొప్పదైతే ఏం లాభం ప్రభూ? మన భుజానికి సరిపోయేది చిన్నదైనా నిండా లాగితే, అదే గొప్ప విల్లు."

"బాచన్నా..." అన్నాడు రాజు మెల్లగా.

"ఇంకా వినండి ప్రభూ! వెనకనుంచి కొట్టాడు. దున్న ఎందుకు వెనక్కి తిరిగింది? వాసన తగిలి. గాలి మన మొహానికి కొట్టేలా నిలబడాలి గానీ, మన వీపు మీదుగా దాని ముక్కులోకి పోయేలా నిలబడతారా ఎవరైనా? ఎర్రబట్టలు కూడా వేసుకునే ఉంటాడు వెధవ. ఆకురంగు, బూడిదరంగు కట్టుకుని, చెప్పులు విడిచి, నోరు మూసుకుని నిలబడాలి."

 ఇక్కడితో ఆపేద్దామా అని బాచన్నకీ అనిపించింది. కానీ ఎద్దు వాగులో దిగాక మధ్యలో ఆగితే కొట్టుకుపోవడమే.

"వేట తెలిసినవాడైతే ఏం చేస్తాడు? దున్న మనకేసి చూస్తుంటే కొట్టడు. నుదురంతా ఎముకే, కొమ్ముల మొదలు బండరాయే. తోక మనవైపు ఉంటే అసలే కొట్టడు. ఓపిక పడతాడు. అది అడ్డంగా తిరగాలి. మనవైపున్న ముంగాలు ఒక అడుగు ముందుకెయ్యాలి. అప్పుడు ఆ కాలి వెనక గీత పట్టుకుని పైకి వస్తే, ఒంట్లో కింద మూడోవంతు దగ్గర, ఇదిగో, ఇక్కడ." ఈరన్న ఈటె దిగిన చోట వేలు పెట్టాడు. "ఇక్కడైతే లోపల ఊపిరితిత్తులు, గుండె. జంతువుకి బాధ తెలిసే లోపే పని అయిపోతుంది. అలా అడ్డం తిరగలేదనుకోండి, విల్లు దించి ఇంటికొచ్చి పప్పన్నం తింటాడు. ఒకవేళ కొట్టాడో, వెంటనే వెంటపడడు. తరిమితే పరుగెడుతుంది. కాసేపు కూచుని, తర్వాత నెత్తురు జాడ పట్టుకుని పోతాడు. ఎంత దూరమైనా పోతాడు. కొట్టి వదిలేసి భోజనానికి వెళ్ళేవాడు వేటగాడు కాదు ప్రభూ. అలాంటి దొంగని పట్టుకుని ముందు వాడి బొటనవేలు తీయించండి. ఆ తర్వాత ఈరన్న చెయ్యి సంగతి చూద్దాం!"

అని ఊరుకున్నాడు.

 ఆ బాణం ఎవరిదో వాకిట్లో ఎడ్లకి కూడా తెలుసు. రాజు దళవాయి వైపు చూశాడు. దళవాయి తన కాలి గోళ్ళు చూసుకుంటున్నాడు. మంత్రుల వైపు చూశాడు. వాళ్ళు ఆకాశం చూస్తున్నారు.

రాజు అరుగు దిగాడు. మెల్లగా బండి దాకా వచ్చాడు. వంగి, ఆ దున్న పిర్ర మీద చెయ్యి పెట్టాడు. బాణం చుట్టూ చీము పట్టి, ఈగలు ముసురుతున్నాయి. ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"ఈ బాణం నాది" అన్నాడు.

బాచన్నకి ఆ క్షణంలో రాజు కాళ్ళ మీద పడాలనిపించింది. ఇంతమందిలో ఆ ఒక్క మాట అనడానికి ఎంత గుండె కావాలి! కానీ ఉద్యోగం ఉద్యోగమే.

"ప్రభువులదా!" కళ్ళు పెద్దవి చేశాడు. "అయ్యో, ముందే చెప్పరేం ప్రభూ! అయితే ఇందులో నేరమే లేదే! బాణం వేసిన జంతువుకి అభయం ఎక్కడిది? తాతగారు విల్లు దించాక కదా అభయమిచ్చింది! బాణం దిగిందంటే ఇది ప్రభువుల వేట. ప్రభువుల బాణం తగిలిన జంతువు ఎక్కడ పడినా, ఎప్పుడు పడినా, ప్రభువులు కొట్టినట్టే. ఈరన్న దీన్ని చంపలేదు, మీరే చంపారు!"

రాజు కళ్ళు చికిలించాడు. "మరి ఈ ఈటె పోటు?"

"అదా? మీ బాణం పిర్ర దగ్గర బయల్దేరింది ప్రభూ. చేరాల్సింది గుండెకి. మధ్యలో పేగులు, పొట్ట, పక్కటెముకలు, ఎంత ప్రయాణం! దసరా వెళ్ళాక బయల్దేరిన మనిషి ఇంకా దారిలోనే ఉన్నాడు, పాపం కొత్త ఊరు. ఈరన్న ఈటె గుండె దగ్గర నిలబడి 'ఇటు, ఇటు' అని దారి చూపించింది. అంతే. దారి చూపినవాడి చెయ్యి నరుకుతారా ఎక్కడైనా?"

రాజు పెదవులు బిగబట్టాడు. మీసం అదిరింది. ఇక ఆగలేక పకాలుమన్నాడు. అంత పెద్ద నవ్వు ఆ వాకిట్లో ఎవరూ ఎప్పుడూ విని ఎరగరు. నవ్వి నవ్వి బండి చక్రం పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

"విప్పండి వాడి కట్లు" అన్నాడు.

సుంకమ్మ పరుగెత్తుకొచ్చి మొగుడి కుడిచెయ్యి పట్టుకుని, తిప్పి తిప్పి చూసుకుంది, ఎవరో మార్చి ఇచ్చారేమో అన్నట్టు.

నవ్వు తగ్గాక రాజు గొంతు తగ్గించి అడిగాడు. "బాచన్నా, నిజం చెప్పు. ఇన్నేళ్ళలో నేను వేరే ఏదైనా కొట్టానా?"

బాచన్న చేతులు కట్టుకున్నాడు. "అడవి నిండా మీ అభయమే ప్రభూ."

"ఒక్కరూ చెప్పలేదేం నాకు?"

"చేతులున్న ప్రతివాడికీ వాటి మీద ప్రేమ ఉంటుంది కదా ప్రభూ."

రాజు తలూపాడు. తర్వాత సుంకమ్మ వైపు తిరిగాడు. "నీకేమైనా చెప్పాలని ఉందా అమ్మా?"

బాచన్న సైగ చేశాడు, ఏమీ వద్దని. ఆవిడ వింటేనా? "ఉండాది దొరా. ఆ గొడ్డు మా సేన్లో కుంటతా తిరుగుతా మూలుగుతా ఉంటే, జొన్న పోయిన కోపం కన్నా దాన్ని సూసి ఏడుపే ఎక్కువొచ్చింది మాకు. కొడితే సరిగ్గా కొట్టు. లేకపోతే కొట్టాకు."

 రాజు ఆవిడకి తల వంచాడు. అప్పటికప్పుడే చాటింపు వేయించాడు. బాణం అంబులపొదిలో ఉండగా ఇచ్చిందే అభయం. వదిలాక అభయం లేదు. దెబ్బ తిన్న జంతువుని కొట్టినవాడే వెతుక్కుంటూ పోయి కథ ముగించాలి, రాజైనా సరే. చేలో పడ్డ జంతువు నుంచి మనిషిని కాపాడుకోవడం నేరం కాదు. తొక్కిపోయిన జొన్నకి బదులు రాజుగారి గాదెల నుంచి ఆ పల్లెకి బళ్ళు కదిలాయి. దళవాయికి శిక్ష ఏమిటంటే, ఇక మీదట వేటలో నోటికి గుడ్డ కట్టుకుని నడవాలి.

"నీకేం కావాలి బాచన్నా? కోరుకో."

"వచ్చే వేటకి నన్ను రమ్మనకండి ప్రభూ, అదే చాలు. మీకు గురి కుదిరేదాకా. ఆ దున్నకి ఉన్నట్టే నాకూ వెనక భాగం ఒకటి ఉంది."

రాజు మళ్ళీ పగలబడి నవ్వి, పశువుల సావిడి నుంచి ఈనిన మంచి బర్రెని, దూడని తోలించి, పలుపు బాచన్న చేతికిచ్చాడు. బాచన్న ఎన్నడూ పశువుని పట్టి ఎరగడు. బెరుగ్గా పలుపు అందుకుని, ఆ బర్రె ఎంత బలిసిందో చూద్దామని దాని తోకవైపు నడిచాడు.

"ఆగు, ఆగు!" అన్నాడు రాజు. "వెనకనుంచి కాదు బాచన్నా. అది అడ్డంగా తిరిగేదాకా ఓపిక పట్టు. పక్కనుంచి వెళ్ళు."

కొలువంతా నవ్వింది. అందరికన్నా ముందు నవ్వినవాడు బాచన్నే.